అక్షరాలు పెద్దవి చేసిన పాపం

మంగళవారం, రాయదుర్గం.

కంప్యూటర్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయని నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నాను. జీన్సు గుడ్డ కోసే మాస్టర్ మాట ఎవరికి లెక్క? బెంగళూరు ఆఫీసు కంప్యూటర్‌లోని ఆర్డర్లు ఇక్కడ మా తెర మీద కనబడతాయి. కంప్యూటర్ దగ్గర కూర్చునే సుజాత వాటిని చదివి చెబితేనే నేను కోయాలి. మనవరాలి వయసు పిల్లను రోజూ అడగడం నాకు నామోషీ.

ఈ మధ్యాహ్నం ఆమె అన్నానికి వెళ్లింది. ఆమె చేస్తుండగా చూశాను కదా, అట్లాగే విండో సెట్టింగుల్లోకి వెళ్లి అక్షరాలు పెద్దవి చేశాను. అంకెలన్నీ నాకే కనబడ్డాయి! ఆ సంబరంలో ఒక ఆర్డరుకు ఎనభై పొరల గుడ్డ పరిచి కోసేశాను. అక్షరాలు పెరిగితే కుడి చివరి వరుస తెర దాటిపోతుందని నాకేం తెలుసు? ఆర్డరు రద్దయిన గుర్తు ఉండేది ఆ వరుసలోనే. ఆమె వచ్చేలోగా సైజు మళ్లీ తగ్గించాను. అప్పుడు కనబడింది ఆ గుర్తు. నోరు మూసుకున్నాను.

సాయంత్రం ఓనరు సుజాత మీద పడ్డాడు. "రద్దయిన ఆర్డరు ఎట్ల చెప్పినావు? కండ్లు యాడ పెట్టుకున్నావు?"

"నేను చెప్పలేదు సార్. తాతా, నువ్వన్నా చెప్పు తాతా!"

నేను టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను.

"రేపట్నుంచి రావద్దు పో" అన్నాడు. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఈ వయసులో ఇంత పొగరు నాకెందుకు... రేపు ఓనరుకు ఇదే చెబుతాను. "కోసింది నేను, దాచింది నేను. ఆ బిడ్డను మళ్లీ పిలుస్తావా, లేదా? శనివారంలోగా చెప్పల్ల, లేకుంటే నేనూ రాను."