అతుక్కున్న పేజీలు

నవంబరు 4, మంగళవారం

మళ్ళీ ఇంకో పుస్తకం. ఈసారి ఎలుగుబంటి పిల్ల కథ. మధ్యలో రెండు పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. జ్యూస్ ఒలికి అంటుకున్నవి కావు... జ్యూస్ అయితే మరక ఉంటుంది, చీమలు పడతాయి. ఇది జిగురు. అంచు వెంట, సన్నగా, శ్రద్ధగా.

పుస్తకాలు పాడవడం నాకు కొత్త కాదు. నమిలిన మూలలు, సాస్ మరకలు, ఏనుగుకు పెన్నుతో పెట్టిన మీసాలు — వాటిని చూస్తే కోపం రాదు. ఎవరో ఆ పుస్తకాన్ని పక్కలో వేసుకుని పడుకున్నారని తెలుస్తుంది. స్కూలు లైబ్రరీల్లో ఏళ్ళ తరబడి "ష్..." అని చెప్పి చెప్పి, ఘాజియాబాద్‌లో ఈ అపార్ట్‌మెంట్ల మధ్య పిల్లల లైబ్రరీకి వచ్చాకే నాకు ఊపిరాడింది. ఇక్కడ చెప్పులు విప్పి, చాప మీద బోర్లా పడుకుని, పైకే చదువుకోవచ్చు.

ఈ జిగురు మాత్రం వేరు. పిల్లల పని కాదు.

నవంబరు 5, బుధవారం

కెటిల్ ఆవిరి చూపించి, స్కేలు అంచుతో మెల్లగా విప్పాను. మంచులో తల్లి ఎలుగుబంటి. పిల్ల ఎంత లేపినా లేవదు. అదీ ఆ పేజీ.

పోయిన నెల బాగుచేద్దామని పక్కన పెట్టిన రెండు పుస్తకాలనూ విప్పి చూశాను. పిచ్చుక కథలో ఖాళీ గూడు. ఇంకోదానిలో గోడ మీద అమ్మ ఫోటో, దానికి దండ.

మూడింటిలోనూ తల్లి పోయే చోటే. అంటే ఎవరో మొత్తం చదివి, ఏరి మరీ అతికించారు.

నవంబరు 6, గురువారం

ఉమగారా?

ఆదివారాలు పిల్లలకు కథలు చెప్పడానికి వస్తారు ఆవిడ. రిటైరయిన టీచరు, మా రాజమండ్రి వైపు మనిషే. పిల్లలు ఒళ్ళో నుంచి దిగరు. కానీ దసరా ముందు ఒకరోజు అన్నారు — "చావులూ అవీ పసివాళ్ళకెందుకండీ పద్మజగారూ? నేనయితే ఆ పేజీ దాటేసి చదివేస్తాను."

కంప్యూటర్‌లో చూశాను. మూడు పుస్తకాలూ ఆవిడ ఇంటికి తీసుకెళ్ళారు. చాలామందే తీసుకెళ్ళారు, నిజమే. నా కన్ను ఆ ఒక్క పేరు దగ్గరే ఆగింది.

నవంబరు 8, శనివారం

కాలుష్యపు పొగమంచు. స్కూళ్ళన్నీ ఆన్‌లైన్. హాలు నిండా దగ్గులు, మాస్కులు.

మైత్రి వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న శ్రీకాంత్ గారు బయట ఆఫీసు కాల్‌లో ఉంటే, ఆ పిల్ల మూలన కూర్చుని పుస్తకం అంతా చదివేసి, దాన్నే ఇంటికి రాయించుకుంటుంది. "చదివేశావుగా, మళ్ళీ ఇంటికెందుకే?" అంటే — "పాపా కే లియే, ఆంటీ." నాన్న కోసమట. రాత్రి ఆయన చదివి వినిపిస్తారట. తల్లి లేని పిల్ల. పోయిన ఏడాది వానల్లో... ఇలాంటి పిల్లకు ఆ పేజీలు మూసేసే హక్కు ఎవరికుంది?

ఉమగారు రేపటి కథకు కాగితపు ముసుగులు తెచ్చి పెట్టి వెళ్ళారు. సంచిలో జిగురు ట్యూబు. "ముసుగుల కోసమండీ" అన్నారు. నేను అడగలేదే!

నవంబరు 9, ఆదివారం

అడిగేశాను. కథ అయ్యాక, తల్లులు ఇంకా అక్కడే ఉండగానే.

"కథ నచ్చకపోతే నాతో చెప్పాలి గానీ, పేజీలు అతికించేయడం ఏమిటండీ?"

ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది. "నేనా? పుస్తకానికి నేను జిగురు పూస్తానా పద్మజా?"

గారూ లేదు, అండీ లేదు. శాలువా తీసుకుని వెళ్ళిపోయారు.

దొంగతనం బయటపడిన వాళ్ళు అలాగే వెళ్తారు అనుకున్నాను. అలాగే అనుకోవాలని గట్టిగా అనుకున్నాను.

నవంబరు 11, మంగళవారం

ఉమగారి మెసేజ్. "ఇకమీదట రాను." అంతే.

నవంబరు 15, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పెద్ద అట్లాసు కోసం వెనక వరసలోకి వెళ్ళాను. నేల మీద మైత్రి. ఒళ్ళో తెరిచిన పుస్తకం, చేతిలో గ్లూ స్టిక్. రంగులు వేసేటప్పుడు పెట్టినట్టు నాలుక కొస బయటపెట్టి, అంచు వెంట పూస్తోంది.

నన్ను చూసి దాచలేదు. ఏడవలేదు. "ఆంటీ, ప్లీజ్, పాపా కో మత్ బతానా." నాన్నకు చెప్పొద్దట.

పక్కన కూలబడ్డాను. ఎందుకమ్మా అన్నాను. నేను తెలుగులో అడిగితే అది హిందీలో చెప్పింది. నాన్న రోజూ చదివి వినిపిస్తాడు. ఎలుగుబంటి గొంతు, పిచ్చుక గొంతు, అన్నీ పెడతాడు. అమ్మ పోయే పేజీ వస్తే మాత్రం ఆగిపోతాడు. నీళ్ళు తాగొస్తానని లేచి వెళ్తాడు. చాలాసేపటిదాకా రాడు.

"మై తో పఢ్ చుకీ హూఁ. ముఝే కుఛ్ నహీఁ హోతా." తను ముందే చదివేసిందట, తనకేం కాదట. "బస్ పాపా కో..." నాన్నకే కష్టమట.

తనకేం కాదట! గట్టిగా దగ్గరికి తీసుకున్నాను. చెప్పనని మాటిచ్చాను. "కానీ పుస్తకానికి నొప్పి పుడుతుంది, ఇక పూయకు" అంటే తలూపింది. గ్లూ స్టిక్ మాత్రం ఇవ్వలేదు.

నవంబరు 16, ఆదివారం

కథ లేదు. పిల్లలు చాప మీద కూర్చుని, చూసి చూసి లేచి వెళ్ళారు.

ఉమగారికి ఫోన్ చేశాను. తప్పు నాదే, మీరు కాదని తెలిసింది, క్షమించండి అన్నాను.

"అచ్ఛా. మరి ఎవరట?"

అది మాత్రం అడగకండి అన్నాను.

"అందరి ముందూ నా పేరు చెప్పగలిగారు. అసలు మనిషి పేరు నాకొక్కదానికి చెప్పలేరా?" ఫోన్ పెట్టేశారు. కోపం కంటే నిస్సత్తువ వినిపించింది ఆ గొంతులో.

ఆవిడ స్థానంలో నేనుంటే నేనూ నమ్మను.

నవంబరు 19, బుధవారం

మధ్యాహ్నం శ్రీకాంత్ గారు ఒక్కరే వచ్చారు. మాస్కు తియ్యలేదు. అతికించినట్టు నేను గమనించని పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టారు. అతికించిన పేజీ విప్పి ఉంది, అంచు కొంచెం చిరిగింది.

"కథ నడుమ ఎగిరినట్టు కొట్టింది మేడమ్. పాప పండుకున్నంక విప్పి చూసిన." చిరిగిన అంచును వేలితో నొక్కారు. "మీరే అంటించిన్రా? మా ఇంటి సంగతి మీకు ఎరుకే గదా."

కాదంటే తర్వాతి ప్రశ్న ఎవరి మీదికి పోతుందో తెలుసు. "అవునండీ. నేనే" అన్నాను.

నా ముఖంలోకి చూశారు. నేను ఉమగారిని చూసిన చూపే అది. నమ్మినట్టు లేదు.

"ఇగ అంటియ్యకుండ్రి. ఎన్నడన్నా ఒకనాడు ఆ పేజీ నేను సదవాలె గదా... దాని ముందల." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "మేడమ్, నిజంగ మీరేనా?"

నేను కంప్యూటర్‌లో ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

నవంబరు 22, శనివారం

ఇద్దరూ వచ్చారు. ఆయన ఫోన్ జేబులో పెట్టేశారు. చెప్పులు విప్పి, చాప మీద పిల్ల పక్కన ఇబ్బందిగా కాళ్ళు మడిచి కూర్చున్నారు. ఎలుగుబంటి పిల్ల కథ ఇవ్వమని అడిగింది ఆయనే. నేనే తీసిచ్చాను. మైత్రి ఒక్కసారి నావైపు చూసింది — చెప్పేశావా, అన్నట్టు. లేదని తల అడ్డంగా ఊపాను. నమ్మిందో లేదో.

చదువుతున్నారు. ఇది రాస్తుంటే ఎలుగుబంటి గొంతు వినిపిస్తూనే ఉంది. పిల్లలు ఇద్దరు ముగ్గురు జరిగి జరిగి దగ్గర చేరారు.

ఇప్పుడు ఆగింది.

పేజీ తిప్పడానికేనా... ఏ పేజీలో ఉన్నారో నా బల్ల దగ్గర్నుంచి కనపడదు.