కొలత కర్ర దగ్గర మోకాళ్లు

మే నెల, ఆదివారం రాత్రి. జీడితోటలో, టెంటులో.

లాడ్జి ఖర్చు మిగిలింది. వాటర్ పార్కు పక్కనే ఉన్న జీడితోటలో, రైతునడిగి టెంటు వేసుకున్నాం. పులిహోర ఇంటి నుంచే తెచ్చుకున్నాం. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

పార్కు గేటు దగ్గర పిల్లల ఎత్తు కొలిచే కర్ర పెట్టారు. దానికంటే పొట్టిగా ఉంటే సగం టికెట్టు. మా పాప దానికంటే రెండు వేళ్లు ఎక్కువే ఉంటుంది. బట్టల కొట్టువాణ్ణి, నా కంటి కొలత తప్పదు.

"గౌను కింద మోకాళ్లు కొంచెం ఒంచమ్మా, ఎవులూ సూడరు" అని చెవిలో చెప్పాను. వంచింది. చేతికి సగం టికెట్టు పిల్లల పసుపు బ్యాండు కట్టారు.

పెద్ద స్లైడు దగ్గర ఆ బ్యాండు చూసి, పొట్టి పిల్లల్ని ఎక్కనివ్వమని ఆపేశారు. నిటారుగా నిలబడి చూపిస్తుందనుకున్నాను. నా మొహం వైపు చూసి, మళ్లీ మోకాళ్లు వంచింది. సాయంత్రం దాకా అలాగే నడిచింది.

"పాపేటండీ అలగ నడుస్తంది? కాలికేటైనా గుచ్చుకుందేటి?" అంటూ మా ఆవిడ అరికాళ్లు వెతికింది. నేనూ పక్కన వంగి ముల్లు వెతికాను.

శృంగవరపుకోటలో ఇరవై ఏళ్లుగా గుడ్డ కొలుస్తున్నాను. ఎవరికీ అంగుళం తక్కువ కొయ్యలేదు.

ఇందాక టార్చి వేసి చూస్తే పాప మోకాళ్లు ముడుచుకుని పడుకుంది. దోమలేమోనని దుప్పటి కప్పాను. కళ్లు తెరవకుండానే అడిగింది.

"నానా, ఇక్కడ కూడా కొలుస్తారేటి? కాళ్లు సాపుకోనా?"