ఏడో నంబరు సాంచె, నా అయిదు నియమాలు

జూన్ 2, సోమవారం. ఉదయం 7:10

ఈ రోజు నుంచి నేను బాధ్యత గల దయ్యాల పరిశోధకుణ్ణి.

కారణం రాసి పెట్టుకోవాలి. మహారాష్ట్రలోని భివండిలో, తెలుగు నేతవాళ్ళుండే పద్మనగర్‌లో నాది జిరాక్స్ షాపు. గిరాకీ లేనప్పుడు ఫోన్లో 'భివండి భయాలు' అనే పేజీ నడుపుతాను. పోయిన నెల మా గల్లీ ఓదెమ్మ అద్దెకిచ్చే ఖాళీ గదిలో ఆడమనిషి ఏడుపు వినబడుతోందని రాశాను. ఫోటో కూడా పెట్టాను. ఇప్పుడు ఆ గదిలో దిగడానికి ఎవరూ రావడం లేదు. నిన్న ఓదెమ్మ షాపుకొచ్చి అందరి ముందూ చెప్పు తీసింది. ఏడ్చింది పిల్లి అట.

అందుకే నియమాలు:

1. చూడనిది చూశానని రాయను.
2. యజమానిని అడగకుండా ఎక్కడా అడుగు పెట్టను.
3. చనిపోయినవాళ్ళ పేరు, ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే రాస్తాను.
4. కరెంటు, ఎలుక, గాలి, సారా: ఈ నాలుగింటినీ విచారించాకే దయ్యం జోలికి వెళ్తాను.
5. ఆశ్చర్యార్థకాలు తగ్గిస్తాను!!

జమునకు చదివి వినిపించాను. నా భార్య రోటీ తిప్పుతూనే అంది: "గిన్ని రూల్సు వెడితె ఏ దయ్యమొస్తది నీ దగ్గరికి? ఆధార్ కార్డు అడుగుతవని భయపడ్తది."

జూన్ 4, బుధవారం. మధ్యాహ్నం 1:00

మొదటి కేసు దొరికింది! శాంతి నగర్‌లో భూమన్న మరమగ్గాల షెడ్డు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, పనివాళ్ళంతా సెలవు మీద వెళ్ళిపోయాక, ఏడో నంబరు సాంచె (మరమగ్గాన్ని మావాళ్ళు అలాగే అంటారు) తనంతట తానే నడుస్తోందట. నాలుగేళ్ళ కింద నర్సింగం అనే కార్మికుడు దాని దగ్గరే గుండెనొప్పితో కూలిపోయాడు.

భూమన్నను అడిగాను (నియమం 2). "చూసుకో. కని షెడ్డు పేరు రాసినవంటె నేనే నిన్ను దయ్యం జేస్త" అన్నాడు. అనుమతి కిందే లెక్క.

సిద్ధం చేసినవి: నోటుబుక్కు, టేపు, టార్చి. జ్వరం చూసే థర్మామీటరు జమున ఇవ్వలేదు.

జూన్ 6, శుక్రవారం

11:30. షెడ్డులో ఉన్నాను. ఒక్కణ్ణే. రేకుల మీద ఎండ. ఎలుకలు లేవు. గాలి లేదు. సారా లేదు, ప్రమాణం.

11:50. ఏడో నంబరు మగ్గాన్ని కొలిచాను. ఎందుకో నాకే తెలియదు. టేపు తెచ్చాను కదా.

12:15. భయం లేదు. శాస్త్రీయంగా ఉన్నాను.

12:20. నడిచింది!!! ధడ్ ధడ్ ధడ్! ఎవరూ లేరు! పైన ఫ్యాను కూడా!

12:50. భివండి రోడ్ స్టేషన్‌లో ఉన్నాను. షెడ్డు బయట ఆటో కనబడితే ఎక్కి, నోటికొచ్చిన పేరు చెప్పాను. ఈ వేళకు ఇక్కడ రైలు లేదు. నాకు వెళ్ళాల్సిన ఊరూ లేదు. టేపు అక్కడే పడిపోయింది.

జూన్ 7, శనివారం. సాయంత్రం 5:00

నిజాయితీగా రిపోర్టు పెట్టాను. మూడు వాక్యాలు: "మగ్గం నడిచింది. ఎందుకో తెలియదు. నేను పారిపోయాను."

తొమ్మిది లైకులు. అందులో ఒకటి జమునది, నవ్వుతున్న బొమ్మ.

జూన్ 8, ఆదివారం. ఉదయం 10:15

ఆలోచించాను. కొంచెం వాతావరణం కలిపితే అబద్ధం అవుతుందా? కాదు. కూరలో ఉప్పు వేస్తే కూర అబద్ధమా?

చేసిన చిన్న మార్పులు: ఎర్ర చొక్కా తొడుక్కున్న నీడ. బీడీ వాసన. సన్నగా దగ్గు. "గాలి లేకుండానే ఫ్యాను గిర్రున తిరిగింది." ఇది నిజమే కదా! నర్సింగం పేరు కూడా రాశాను. అందరికీ తెలిసిన పేరును దాచడం పాఠకులను అవమానించడమే. ఆయన భార్య పెంటవ్వను అడగాలనే అనుకున్నాను. కానీ ఆదివారం పూట పెద్దావిడను ఇబ్బంది పెట్టడం బాధ్యత అనిపించుకోదు.

షెడ్డు పేరు రాయలేదు. గేటు ఫోటో పెట్టానంతే.

జూన్ 9, సోమవారం. మధ్యాహ్నం 2:00

నాలుగు వేల మంది పంచుకున్నారు!!!! సూరత్ నుంచి ఒకాయన నన్ను 'సార్' అన్నాడు!!

జూన్ 10, మంగళవారం. ఉదయం 11:00

భూమన్న ఫోన్. తిట్లన్నీ రాయను, నోటుబుక్కు చాలదు. ముగ్గురు పనివాళ్ళు రాలేదట. వాళ్ళలో ఏడో నంబరు మీద పనిచేసేవాడు ఏకంగా ఊరికి బండెక్కాడట. గేటు ముందు జనం వీడియోలు తీస్తున్నారట.

నా వివరణ: నేను రాశాను. నమ్మింది వాళ్ళు.

జమున: "మల్లొక్కపారి చెప్పు గీ మాట. అద్దంల చూసుకుంట చెప్పు."

షాపు తెరిచే వేళయింది.

జూన్ 11, బుధవారం. సాయంత్రం 6:00

పెంటవ్వ షాపుకొచ్చింది. కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

"సంపతూ, మా ఆయనకు ఎర్రంగి తొడిగింది నువ్వేనా?"

జిరాక్స్ మిషన్ వైపు చూశాను. అది రాసిందేమో అన్నట్టు.

"ఎర్రంగి ఆయనకు లేనే లేకుండె. బీడీ వాసనొచ్చిందని రాసినవట. బీడీ ఎన్నడు తాగలె. తంబాకు తింటుండె."

"తప్పయింది అత్తా..."

"బతికున్నప్పుడు డూటీకి పొమ్మంటె ఒకనాడు కడుపునొప్పి, ఒకనాడు కాలునొప్పి. గసుంటోడు సచ్చినంక సుట్టీ నాడు పోయి సాంచె నడుపుతడా? గంత పనిమంతుడైతె నా సంసారం గిట్లెందుకుండు?"

షాపులో ఉన్న ఇద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నిన్న ఎవలో ఫోన్లు వట్టుకొని ఇంటికొచ్చిండ్రు. నీ మొగడు నీకు గూడ కనవడ్తడా అని అడిగిండ్రు. ఏం చెప్పాలె బిడ్డా? కనవడ్తె మంచిగుండు అని చెప్పాల్నా?"

ఆమె వెళ్ళాక ఇద్దరికి ఆధార్ కాపీలు తలకిందులుగా తీసిచ్చాను.

రాత్రి పోస్టు తీసేశాను. కానీ అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి వెళ్ళిపోయిందో.

జూన్ 13, శుక్రవారం

10:40. షెడ్డు. నేను, భూమన్న, పెంటవ్వ. పెంటవ్వను నేనే రమ్మని బతిమాలాను. ఆమె ఇదే షెడ్డులో పన్నెండేళ్ళు నూలు కండెలు చుట్టింది. ఏడో నంబరు మీద ఈ వారం కొత్త మనిషి ఉన్నాడు.

11:00. కరెంటు పోయింది. కొన్నాళ్ళుగా ఈ గల్లీలో శుక్రవారం ఇదే వేళకు పోతోందట. పనివాళ్ళు చేతులు దులుపుకుని సెలవుకు వెళ్ళిపోయారు. అందరికంటే ముందు కొత్త మనిషి.

12:20. ధడ్ ధడ్ ధడ్! లేచాను. పెంటవ్వ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. తాపీగా వెళ్ళి, మగ్గం పిడిని వెనక్కి లాగింది. ఆగిపోయింది.

"కరెంటు పోంగనే ఉరికిండు. పిడి దించలె, మోటరు బందు చెయ్యలె. పాతోడు గట్లనే ఉరికేటోడు కావచ్చు. కరెంటొచ్చింది, నడిచింది. ఫ్యాను సుత తిరిగిందని నువ్వే రాసినవ్ కద బిడ్డా. ఫ్యాను తిరిగితె ఏమొచ్చినట్టు?"

"...కరెంటు" అన్నాను.

భూమన్న నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయడం లేదు.

ఆమె మాత్రం మగ్గం మీద నుంచి చెయ్యి తీయలేదు. నెమ్మదిగా అంది:

"నాలుగేండ్లాయె. ఆయన పేరు ఎవ్వలు తియ్యలె. నీ దిక్కుమాలిన రాతతోని వారం సంది అందరు తీస్తున్నరు."

పోస్టు తీసేశానని చెప్పాను.

"అబద్ధం తీసెయ్. పేరుంచు."

జూన్ 14, శనివారం. ఉదయం 9:00

పెంటవ్వ ఇంట్లో కూర్చుని ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. రెండు కప్పుల చాయ్. ముందు నా తప్పు: దయ్యం లేదు, స్విచ్చి ఉంది, ఎర్ర చొక్కా నేను కుట్టింది. తర్వాత నర్సింగం. తెగిన పోగును కళ్ళు మూసుకుని అతికేవాడు. సెలవు కోసం ఒకే మేనమామను మూడుసార్లు చంపాడు. మూడో చావు తర్వాత ఆ మేనమామే కరీంనగర్ నుంచి వచ్చి షెడ్డు గేటు దగ్గర నిలబడి, "మా నర్సింగం ఉన్నడా?" అని భూమన్ననే అడిగాడు. ఆ షెడ్డుకు వచ్చిన దయ్యం ఆయనొక్కడే.

చెబుతూ చెబుతూ పెంటవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నవ్వుకా, ఏడుపుకా అని అడగలేదు.

జూన్ 15, ఆదివారం. సాయంత్రం 4:00

నలభై ఒక్క లైకులు. సూరత్ ఆయన పేజీ వదిలి వెళ్ళిపోయాడు. ఇద్దరు పనివాళ్ళు తిరిగొచ్చారు. మేనమామ కథ గురించి షెడ్డులో ఒకటే నవ్వులని భూమన్న ఫోన్ చేశాడు. తిట్లు తక్కువ.

జమున వెళ్ళి పెంటవ్వకు రెండుసార్లు చదివి వినిపించింది. పెంటవ్వ ఒక్కటే దిద్దింది: మేనమామ చావులు మూడు కాదు, నాలుగు. మార్చాను.

జూన్ 16, సోమవారం

ఉదయం 7:30. ఈ రోజు నుంచి మళ్ళీ బాధ్యత గల పరిశోధకుణ్ణి. నియమం ఒక్కటే: ముందు ఆ ఇంటికి వెళ్ళి కూర్చోవాలి. బతికున్నవాళ్ళు చెప్పేదంతా వినాలి. దయ్యం గురించి చివర్లో అడగాలి.

7:45. కబురు వచ్చింది. పక్క గల్లీలో పిండి గిర్నీ మూసేశాక లోపల ఎవరో తూకం వేస్తున్న చప్పుడట! ఎవరింటికీ ఇంకా వెళ్ళలేదు. శీర్షిక మాత్రం తట్టింది: 'తూకం వేసే ఆత్మ!!!'

7:50. జమున భుజం మీదుగా చదివింది. తన చెప్పులు వేసుకుని, నావి నా ముందుకు తోసి, గిర్నీవాళ్ళ ఇంటికి బయలుదేరమన్నట్టు గుమ్మంలో నిలబడింది.

7:52. శీర్షిక కొట్టేశాను. ఈ రోజు నుంచి బాధ్యత గల పరిశోధకుణ్ణి.