అన్నయ్య దరువు

శుక్రవారం రాత్రి, రాజమండ్రి

నిడదవోలు దగ్గర బస్సు బోల్తా పడినప్పటి నుంచి అన్నయ్య కుడిచెయ్యి లేవడం లేదు. ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించడం ఆగిపోయింది. పాత క్యాసెట్లు వింటూ, తన దరువునే కొన్నాళ్లుగా కంప్యూటర్ వాయించేలా మిడి నోట్లుగా పేరుస్తున్నాను. మెషీన్ వాయించినట్టు ఉండకూడదని ఒక్కో దెబ్బనూ కాస్త ముందుకో వెనక్కో జరిపాను. సంతోషిస్తాడనుకుని సాయంత్రం వినిపించాను.

కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"అచ్చం నేనేనే! ఇంక నాకోసం చూడక్కర్లేదని ఆర్కెస్ట్రా వాళ్లకి చెప్పెయ్యి."

"అందుకు చెయ్యలేదు అన్నయ్యా."

"తెలుసే. ఇంకోసారి పెట్టు."

పెట్టాను. ఈసారి గోడవైపు తిరిగి పడుకుని విన్నాడు. దరువు అయిపోయినా ఇటు తిరగలేదు.

చెయ్యి బాగవుతుందని ఇన్నాళ్లూ ఎదురుచూస్తున్నాడు. ఆ ఆశ కూడా నేనే తీసేశానేమో...