పదకొండు దూది ముక్కలు

సెక్టర్ 4, భిలాయి
ఆదివారం

చిరంజీవి అమ్ముకి అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. బాగానే అంటే నా మోకాళ్ళూ ఆయన దగ్గూ పక్కన పెడితే బాగానే. నువ్వు అక్కడ ఏమంత బాగాలేవని నీ ఉత్తరం చూస్తేనే తెలిసిపోయింది.

నీ తెలుగు రాత చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది తల్లీ. ఒత్తులన్నీ ఎగిరిపోయేయి, సగం మాటలు హిందీవే. "అలిసిపోయేను" అన్న మాట మాత్రం నాలుగు చోట్ల తప్పులేకుండా రాసేవు. పొద్దున్న క్లాసులు, సాయంత్రం క్యాంటీన్లో గిన్నెలు కడగడం, శనివారం వస్తే ఆ బొగ్గు గని గేటు ముందు చలిలో ధర్నాకి కూర్చోవడం. ఇక్కడ తిన్న కంచం కూడా తియ్యని పిల్లవి కదే! వేళకి తింటన్నావా అని అడగను, అడిగితే అబద్ధం చెప్తావు.

నాన్నకి ఇంకా కోపమేనా అని అడిగేవు. కోపమే. నిన్ను పోలీసులు చేతులూ కాళ్ళూ పట్టుకుని పక్కకి మోసుకెళ్ళిన ఫొటో పంపేవు చూడు, ఆ రోజు నుంచీ అంతే. "వాతావరణం చదవమని పంపితే రోడ్డు మీద కూర్చుంటుందేటి? రేపు వీసా పోతే ఎవర్ని అడుగుతాం?" అని నామీద ఎగిరేరు. నీ ఫోన్ వస్తే మాత్రం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మాట్లాడరు గానీ అంతా వింటారు.

ఇంక పళ్ళెం సంగతి. నీ ధర్నా గుంపులో వాళ్ళు "మీ ఊరి గాలి గురించి ఊరికే చెప్తే ఎలా, ఏదైనా చూపించు" అన్నారని, నువ్వు నాకు పని పురమాయించేవు. సాయంత్రం ఆరింటికి డాబా మీద స్టీలు పళ్ళెం పెట్టడం, మర్నాడు పొద్దున్న తెల్ల దూదితో తుడిచి, తారీకు వేసి నోటుబుక్కులో అంటించడం, ఫొటో తీసి నీకు పంపడం. అలా నలభై రోజులు. ఈ మోకాళ్ళతో రోజుకి రెండుసార్లు డాబా మెట్లు ఎక్కేను. పక్కింటి సత్యవాణి "వదినా, పళ్ళెంలో వడియాలేవీ?" అని రోజూ వేళాకోళమే. ఆ నోటుబుక్కే ఈ ఉత్తరంతో పాటు అటే వస్తున్న ఆవిడ కోడలి చేత పంపుతున్నాను. మీ ప్రొఫెసరుకి ఇవన్నీ చూపించే మీటింగు ఇరవై రెండున కదా, ఈలోగా నీకు అందుతుంది.

అమ్మూ, ఇప్పుడు రాసేది కూర్చుని చదువు. ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు ఊరుకున్నాను.

అందులో పదకొండు ముక్కలు అబద్ధం.

మొదట్లో దూది నల్లగా వస్తే నువ్వు "వాహ్ మమ్మీ, జబర్దస్త్!" అని పెట్టేదానివి. గుండె బొమ్మలు పెట్టేదానివి. ఆ తరవాత అకాలంగా నాలుగు రోజులు వానపడింది. వాన వెలిసేక గాలి కుమ్హారి వైపు మళ్ళింది, స్టీలు ప్లాంటు పొగ మన మీదికి రాలేదు. పళ్ళెం తుడిస్తే దూది తెల్లగానే ఉంది. ఆ ఫొటోకి నువ్వు "ఓకే" అని పెట్టేవు. అంతే, ఒక్క ఓకే. మర్నాడూ ఓకే. పిల్ల అంత దూరంలో గిన్నెలు కడుక్కుంటూ నలుగురితో తగువులాడుతోంది, నేనిక్కడ ఒక పళ్ళెం సరిగ్గా ఇవ్వలేకపోయేనే అనిపించింది. నా చేత్తో ఎవరికీ తక్కువ వడ్డించి ఎరగను కదా. పొయ్యి మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కకి దూది ఒక్కసారి రాసేను. నువ్వు వెంటనే "మమ్మీ, కమాల్ హై!" అన్నావు. ఇంక నా చెయ్యి ఆగలేదు. పదకొండు రోజులు అదే పని చేసేను. ఛీ, రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

మొన్న నోటుబుక్కు బల్లమీద ఉంటే నాన్న తిరగేసేరు. ముప్పై ఏళ్ళు ప్లాంటు ల్యాబులో శాంపిల్స్ తీసిన మనిషి. ఒక దూది వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, నన్ను పిలిచేరు.

"ఏటిది మణీ? గాలిలో వచ్చిన దుమ్ము అయితే గరగరలాడాలి. ఇది జిడ్డుగా ఉంది. వంటింటి మసి."

ఎగ్జాస్ట్ ఫ్యాన్ సంగతి చెప్పేసేను.

"దాని గొడవలు నాకు నచ్చవు. నచ్చకపోతే దాంతో నేను దెబ్బలాడతాను. నువ్వు దాని చేతికి కల్తీ శాంపిల్ ఇస్తావా? అక్కడెవడైనా పట్టుకుంటే మిగతావన్నీ కూడా అబద్ధాలే అంటాడు. ఇంక దాని మాట ఎవడు వింటాడు?"

ఆయన అంత కోప్పడడం పెళ్లయ్యేక ఇది రెండోసారి. మీరే చెప్పండి పిల్లకి అన్నాను. "తప్పు నువ్వు చేసేవు, నువ్వే రాయి. ఫోన్లో అయితే ఏడ్చి దాన్నీ ఏడిపిస్తావు" అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఆ పదకొండిటి కిందా ఎర్ర స్కెచ్ పెన్నుతో నా పేరు రాసేను. ఏది ఏదో వెతుక్కునే పని లేదు నీకు. చింపేసి మూలన పడెయ్యకు. నన్ను కాపాడడానికి తడి తగిలిందనో, పాడైపోయేయనో కథలు చెప్పకు. ఆ ప్రొఫెసరు ముందు, నీ గుంపు ముందు నువ్వే లేచి, "ఇవి మా అమ్మ నామీద ప్రేమకొద్దీ చేసిన దొంగపని" అని చెప్పు. నవ్వితే నవ్వనీ. నేనిక్కడ నా వంటింట్లో ఉంటాను, నన్నెవరూ చూడరు. వాళ్ళ ముందు రేపూ ఎల్లుండీ నిలబడాల్సింది నువ్వు.

నిన్నంతా నాన్న వరండాలో కూర్చుని నోటుబుక్కు ముందేసుకున్నారు. ఒక్కొక్క దూదీ తీసి, వెలుతురులో చూసి, వేళ్ళతో తడిమి, మళ్ళీ అంటించేరు. భోజనానికి పిలిస్తే రెండుసార్లు ఆగమన్నారు. నీకో రెండు మాటలు రాయమని ఈ కాగితం చేతికిస్తే తీసుకోలేదు. పొద్దున్న నోటుబుక్కు సంచీలో పెడుతూ చూసేను, చివరి పేజీలో ఆయన రాత ఉంది.

"మిగతా ఇరవై తొమ్మిదీ స్వయంగా పరీక్షించాను. తెల్లగా ఉన్నవి కూడా నిజమే, తియ్యవద్దు. అడిగినవాళ్ళకి నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను. — నరసింగరావు, కృష్ణప్రియ తండ్రి."

ఇట్లు,
నీ క్షమాపణ కోరుతూ,
మీ అమ్మ
మణిమాల