లెఫ్ట్ ఫీల్డ్ నుంచి పిలుపు

ఇంగోల్‌స్టాట్,
15 సెప్టెంబర్ 2024

ఒరే నరసింహులూ,

కవరు మీద జర్మనీ స్టాంపు చూసి ఎవడబ్బా అనుకుని ఉంటావు. నేనేరా, శశికాంత్‌ని. పదిహేనేళ్ళ కిందట నిజామాబాద్ బేస్‌బాల్ గ్రౌండులో నువ్వు లెఫ్ట్ ఫీల్డులో నిలబడితే నీ పక్కన సెంటర్ ఫీల్డులో నిలబడినవాణ్ణి. మన పాత టీము గ్రూపులో ఎవరో నీ విత్తనాల షాపు బోర్డు ఫోటో పెట్టారు. అడ్రసు అందులోంచి రాసుకున్నాను. వాట్సాప్‌లో మూడుసార్లు టైపు చేసి చెరిపేశాను. ఈ దేశంలో ఏ సంగతైనా ఉత్తరంగానే వస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్ళు రాస్తారు, టాక్స్ ఆఫీసు వాళ్ళు రాస్తారు, కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు కూడా ఉత్తరమే రాస్తాడు. నా పోస్టు డబ్బా ఎప్పుడూ నిండే ఉంటుంది గానీ అందులో "ఎట్లున్నవ్ రా" అని అడిగేది ఒక్కటీ ఉండదు.

నా సంగతి నీకెవరైనా చెప్పారో లేదో. ఎమ్మెస్ చదవడానికి వచ్చాను. మొదటి వేసవిలో సైకిల్ మీద పోతుంటే ఊరి చివర గ్రౌండులో బేస్‌బాల్ ఆడుతూ కనిపించారు. సైకిల్ కంచెకి ఆనించి నేనూ ఆడతానన్నాను. ఇండియా నుంచి అనగానే క్రికెట్ అనుకుని నవ్వారు. రెండు క్యాచ్‌లు పట్టాక నవ్వడం మానేశారు. చదువు అయ్యాక ఏడు సీజన్లు ఆ క్లబ్బుకే కాంట్రాక్టు మీద సెంటర్ ఫీల్డ్ ఆడాను. మన జిల్లాలో బేస్‌బాల్ ఆడి అన్నం తిన్నవాణ్ణి నేనొక్కణ్ణేనని గొప్పలు పోవచ్చు. వినడానికి ఎవరూ లేరు, అదీ కథ.

అంత దూరాన గడ్డిలో నిలబడితే గంటకో బంతి వస్తుంది, నీకు తెలుసు. మన దగ్గర నువ్వు అటునుంచి "అరేయ్ శశిగా, పల్లీలున్నయా?" అని అరిచేవాడివి, అంపైర్ తిట్టేవాడు. ఇక్కడ లెఫ్ట్‌లో యోనాస్ అని ఒకడు నిలబడతాడు. మంచివాడే. ఏడేళ్ళలో బంతి గురించి తప్ప నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మ్యాచ్ అయ్యాక "చూస్", అంటే వస్తానని, చెయ్యూపి కారెక్కుతాడు. నేను గదికి వచ్చి కుక్కర్ పెట్టుకుని, ఆవకాయ సీసా ఎదురుగా పెట్టుకుని తింటాను. పెళ్ళి సంగతి మాత్రం అడగకు. ఏకాకినయ్యానురా, పచ్చిగా చెప్పాలంటే అంతే.

ఇప్పుడు మోకాలు పోయింది. వచ్చే ఏడు నుంచి పిల్లలకు కోచ్‌గా ఉండమంటున్నారు. అక్టోబరు ఆఖరులోగా సంతకం పెట్టాలి. కాగితం బల్ల మీదే ఉంది, పెన్ను తీసినప్పుడల్లా నువ్వు గుర్తొస్తున్నావు.

పోయిన శనివారం పిల్లల జట్టుకి ప్రాక్టీసు చేయించమన్నారు, నన్ను పరీక్షించడానికన్నమాట. ఆ జట్టులో ఈషా అని పన్నెండేళ్ళ పిల్ల ఉంది. గుంటూరు వాళ్ళమ్మాయి, తెలుగులో అడిగితే జర్మన్‌లోనో ఇంగ్లీషులోనో చెబుతుంది. గాల్లోకి లేచిన బంతి కోసం తనూ, లుకాస్ అనే అబ్బాయీ పరిగెత్తి గుద్దుకున్నారు. దెబ్బలేం తగల్లేదు. మన రూలే అక్కడా ఇక్కడా. ముందు ఎవరు "నాదీ" అని అరిస్తే బంతి వాళ్ళది, రెండోవాడు తప్పుకోవాలి. ఆ పిల్ల పిలవలేదన్నాడు లుకాస్. ఈషా ఏడుపు మొహంతో, "ఐ కాల్డ్ ఇట్, అంకుల్! హీ హర్డ్ మీ!" అంది. ఇద్దరూ నా వైపే చూశారు. వాడు అబద్ధమాడుతున్నాడని చూడగానే తెలిసిపోయింది. ఆ మొహం నేనెరుగుదును, ఒకప్పుడు నేను పెట్టిందే. సరే సరే, మళ్ళీ ఆడండని చెప్పి బంతులు సర్దే వంకతో షెడ్డులోకి పోయి కూర్చున్నాను.

నేషనల్స్ సెలక్షన్ రోజు నువ్వు పిలిచావురా. రెండుసార్లు పిలిచావు. నేను విన్నాను. సెలక్టర్లు షామియానా కింద కూర్చుని ఉన్నారు, పొద్దుట్నుంచీ నా వైపు ఒక్క బంతీ రాలేదు. ఈ ఒక్కటీ నేనే పట్టాలనుకున్నాను. పట్టాను కూడా. నీ భుజం నా కింద పడి విరిగిన చప్పుడు వినిపించినా, ముందు గ్లవ్ పైకెత్తి బంతి చూపించాను. నువ్వు నొప్పికి తెలివితప్పావు. మన కోచ్ రవీంద్రనాథ్ సార్ పరిగెత్తుకొచ్చి "ఎవరు పిలిచిన్రు రా?" అని అడిగారు. "వాడు పిలవలే సార్" అన్నాను. నన్ను టీములోకి తీసుకున్నారు, నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నీ విసిరే చెయ్యి మళ్ళీ పైకి లేవలేదని తర్వాత విన్నాను. చూడ్డానికి రాలేదు. నువ్వు ఎవరికైనా నిజం చెప్పేస్తావేమోనని భయపడ్డాను.

గొంతెత్తి పిలవండర్రా అని ఆ పిల్లలకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? తిట్టాలనిపిస్తే తిట్టు. జవాబు రాయకపోయినా తప్పు నీది కాదు.

నీ
శశికాంత్


ఆర్మూర్,
28 సెప్టెంబర్ 2024

శశిగా,

పోస్ట్‌మన్ కోటయ్య నీ కవరు తెచ్చి "కోర్టు నోటీసా నర్సింలన్నా?" అన్నడు. విత్తనాల బస్తాల మీద కూసోని రెండుసార్లు చదివిన. మొదటిసారి మడిచి జేబుల పెట్టిన. రెండోసారి నవ్వొచ్చింది.

నాకు తెల్వదనుకున్నవా? ఒక్క అడుగు ఆగినవ్ నువ్వు. నా గొంతు ఇనంగనే నీ కాలు ఒక్క అడుగు ఆగింది, మళ్ళ ఉరికినవ్. ఇననోడు ఎందుకు ఆగుతడు రా? ఆ అడుగు నేను చూసిన.

చెయ్యి సంగతి ఇడిసిపెట్టు. నువ్వు ఉరికొస్తున్నవని చూసి నేనన్నా తప్పుకోవచ్చుండె. తప్పుకోలె. షామియానా నాకూ కనిపిస్తుండె. ఆ క్యాచ్‌ల నీది సగం, నాది సగం. నా పెండ్లాం మంగ రోజూ పొద్దుగాల నాకు అంగీ తొడుగుకుంట నిన్ను ఒక తిట్టు తిడుతది, అది నువ్వు పడాల్సిందే.

గని "వాడు పిలవలే" అన్నవ్ చూడు, దానికి మాత్రం మాఫీ లేదు. సార్ ఇంకా ఉన్నడు. డెబ్బై ఎనిమిదేండ్లు, కట్టె పట్టుకుని తిరుగుతడు. పెండ్లిండ్లల్ల యాడ కనిపించినా నా భుజం మీద చెయ్యేసి, "పిలవాలె రా నర్సింలూ, ఫీల్డరన్నోడు పిలవాలె" అంటడు. ప్రేమతోనే అంటడు, అందరి ముంగట అంటడు. మొన్న నా కొడుకు శరత్ ముంగట అన్నడు. వాడు ఇంటికొచ్చి "బాపూ, నువ్వెందుకు పిలవలే?" అని అడిగిండు. ఏం చెప్పాలె? నిజం చెప్తే నా పాత దోస్తు దొంగ. చెప్పకుంటే నేను చేతకానోన్ని. ఇన్నేండ్లు చేతకానోన్నే అయిన.

అసలు నాకెందుకు రాసినవ్ రా పిచ్చోడా? నాకు తెలిసిందే నాకు రాస్తివి. తెల్వనోనికి రాయి. సార్ అడ్రసు ఎనక రాసిన. ఆయనకు చూపు ఆనుతలేదు, మనుమరాలు శ్రీవల్లి చదివి ఇనిపిస్తది. కోచ్ నౌకరి సంగతి అటెన్క చూస్కో.

నర్సింలు

నీకు పల్లీలు పంపుదమనుకున్న. కష్టమన్నరు పోస్టాఫీసోళ్ళు.


ఇంగోల్‌స్టాట్,
12 అక్టోబర్ 2024

పూజ్యులు రవీంద్రనాథ్ సార్‌కి,

మీ దగ్గర సెంటర్ ఫీల్డ్ ఆడిన శశికాంత్ నమస్కారాలు. అమ్మా శ్రీవల్లీ, ఇది తాతగారికి గట్టిగా చదివి వినిపించమ్మా. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వాళ్ళనీ పిలిచి కూర్చోబెట్టు.

సార్, ఇక్కడ నన్ను పిల్లలకు కోచ్‌గా ఉండమన్నారు. ఇప్పుడు మీకు చెప్పబోయే మాట ఇవాళ పొద్దున వాళ్ళని గడ్డి మీద కూర్చోబెట్టి చెప్పాను. నా జర్మన్ అంతంతమాత్రమే అయినా అందరికీ అర్థమైంది. లుకాస్ అనే పిల్లవాడు చాలాసేపు తలొంచుకుని షూ లేసు కట్టుకున్నాడు, తర్వాత లేచి ఈషా అనే పిల్ల దగ్గరికి వెళ్ళి ఏదో అన్నాడు. ఎప్పుడూ తెలుగు మాట్లాడని ఈషా ఇంటికి పోతూ పోతూ "సార్‌కి చెప్పారా అంకుల్?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఈ కవరు డబ్బాలో వేసి వచ్చాకే కోచ్ కాగితం మీద సంతకం పెడతాను.

సెలక్షన్ రోజు ఎవరు పిలిచార్రా అని మీరడిగితే నేను అబద్ధం చెప్పాను. మళ్ళీ అడిగారనుకుని చెబుతున్నాను. నరసింహులు పిలిచాడు సార్. రెండుసార్లు పిలిచాడు. నేను విన్నాను, విని కూడా ఆగలేదు.

నన్ను క్షమించమని అడగను. ఒక్కటే కోరుకుంటున్నాను. ఈసారి వాడు కనిపించినప్పుడు, పక్కన వాడి కొడుకు శరత్ ఉన్నప్పుడు, ఎప్పట్లాగే భుజం మీద చెయ్యేసి, "పిలిచినవ్ రా నర్సింలూ" అనండి.

మీ శిష్యుడు
శశికాంత్