వాసన తెల్వని ఈగలు

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. శంషాబాద్ ల్యాబుల పొద్దంత పండ్ల ఈగలతోనే ఉన్న. వాటి తల మీది మీసాలకు సన్నటి వెంట్రుకలుంటయి, వాసన పట్టేది అవ్వే. ఆ వెంట్రుకలు పనిచెయ్యని ఈగలను జామపండు దగ్గర వదిలిన. పక్కనే తిరిగినయి గని పండు ఉన్న సంగతే వాటికి తెల్వలే.

"గట్ల చూస్తున్నవేందే?" అని నాతో పనిచేసే అక్క అడిగింది.

"ఏం లేదక్కా" అన్న.

కరోనా జరం వచ్చిపోయినంక నీకు గూడ వాసన తెల్వకపాయె. మన కందుకూరు తోటల జామపండు తెంపి, నా ముక్కు కాడ పెట్టి, "మగ్గిందా బిడ్డా?" అని అడిగెటోడివి.

నేను అలసిపోయిన, బాపూ. కాయ కోతకొచ్చిందని అమ్మ ఫోన్ చేస్తే బస్సెక్కిన. ఇగ నువ్వు అడగకున్నా, ఒక్కో పండు వాసన చూసి నేనే తెంపాలె.